సింలింక్ ద్వారా పిలిస్తే స్క్రిప్టుకి తన ఫోల్డర్ దొరకట్లేదు, అసలు పాత్ (ఫైలు చిరునామా) ఎలా పట్టుకోవాలి?

నిజాంపేట_కుర్రోడు

అన్నలూ, అక్కలూ, రెండు రోజుల నుంచి ఒక చిన్న విషయం చుట్టూ తిరుగుతున్నా. రాయదుర్గంలో మెట్రో ఎక్కి ఫోన్‌లో తెలుగు కీబోర్డుతోనే టైపు చేస్తున్నా, కాబట్టి కమాండ్లన్నీ పలికినట్టే రాసేశా, ఏమనుకోకండి.

ఇంట్లో ఉబుంటు ల్యాప్‌టాప్. హోమ్‌లో "పనులు/బ్యాకప్" అని ఒక ఫోల్డర్, అందులో బ్యాకప్.ఎస్‌హెచ్ అనే బ్యాష్ స్క్రిప్టు, దాని పక్కనే సెట్టింగ్స్.కాన్ఫ్. ఎక్కడి నుంచైనా పిలవడానికి వీలుగా ఉంటుందని ~/బిన్‌లో (~ అంటే హోమ్) "బ్యాకప్" అని ఒక సింలింక్ (అసలు ఫైలు ఎక్కడుందో చూపించే లింక్) పెట్టుకున్నా. స్క్రిప్టు మొదట్లో "సోర్స్ ./సెట్టింగ్స్.కాన్ఫ్" అని ఉండేది, అంటే ఆ సెట్టింగ్స్ చదువుకొమ్మని. ఆ ఫోల్డర్‌లో నిలబడి పిలిస్తే బ్రహ్మాండంగా నడుస్తుంది, ఇంకెక్కడి నుంచి పిలిచినా అలాంటి ఫైలే లేదంటుంది. సరే, చుక్క అంటే స్క్రిప్టు ఉన్న చోటు కాదు, నేను ఉన్న చోటు అని అర్థమై, చుక్క తీసేసి

$(డిర్‌నేమ్ "$0")/సెట్టింగ్స్.కాన్ఫ్

అని మార్చా ($0 అంటే స్క్రిప్టుని పిలిచిన పాత్, డిర్‌నేమ్ అందులోంచి ఫోల్డర్ ముక్క తీసిస్తుంది). ఇప్పుడు స్క్రిప్టుని నేరుగా పిలిస్తే ఎక్కడి నుంచైనా నడుస్తుంది, లింక్ ద్వారా పిలిస్తే మాత్రం పోయి ~/బిన్‌లో వెతుకుతుంది. అక్కడ ఏముంటుంది, నా మొహం. లింక్ ఎటు చూపిస్తుందో తెలుసుకుందామని రీడ్‌లింక్ కొడితే "../పనులు/బ్యాకప్/బ్యాకప్.ఎస్‌హెచ్" అని వచ్చింది, ఆ రెండు చుక్కలు ఎక్కడి నుంచి లెక్కపెట్టాలో అర్థం కాలేదు. పూర్తి పాత్ స్క్రిప్టులో రాసేయొచ్చు కానీ ఇదే స్క్రిప్టు ఆఫీసు మ్యాక్‌లో కూడా వాడాలి, అక్కడ హోమ్ వేరు. పద్ధతిగా చేసే దారి చెప్పండి.

చిలకలగూడ_బాషా

ఒక్క లైనే భయ్యా. స్క్రిప్టు మొదట్లో

ఇక్కడ="$(డిర్‌నేమ్ "$(రీడ్‌లింక్ -ఎఫ్ "$0")")"

అని పెట్టి, ఆ తర్వాత ఎక్కడైనా "$ఇక్కడ/సెట్టింగ్స్.కాన్ఫ్" అని వాడుకో (వేరియబుల్‌కి నిజంగా తెలుగు పేరు పెట్టకు, బ్యాష్ ఒప్పుకోదు, ఇంగ్లీషులో ఏదో ఒకటి పెట్టుకో). చిన్న ఎఫ్. అది లేకుండా రీడ్‌లింక్ ఆ లింక్‌లో రాసి ఉన్న ముక్కనే చదివి వినిపిస్తుంది, అంతే. ఎఫ్ పెడితే చివరి వరకూ నడిచి వెళ్లి అసలు చిరునామా పట్టుకొస్తుంది. కొటేషన్లు మాత్రం ఒక్కటి కూడా వదలకు, రేపు ఏ ఫోల్డర్ పేరులోనో స్పేస్ వచ్చిందంటే మళ్లీ ఇక్కడికే వస్తావు.

పాతకాపు

బాషా చెప్పింది సరైనదే, కానీ తమ్ముడు అడిగిన రెండు చుక్కల సంగతి ఎవరూ చెప్పకపోతే నెల తిరక్కుండా మళ్లీ అక్కడే పడతాడు, అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నా.

కోఠీలో ఎప్పుడైనా పాత పుస్తకాల షాపుకి వెళ్తే షట్టర్ వేసి ఉండి, దాని మీద "ఎదురు సందులోకి మార్చబడినది" అని అట్టముక్క వేలాడుతుంటుంది చూడు, సింలింక్ అంటే అదే. అందులో పుస్తకాలు లేవు, ఒక వాక్యం ఉంది. ఎల్ఎస్ -ఎల్ కొట్టి సైజు చూస్తే ఆ వాక్యంలో ఎన్ని బైట్లు ఉన్నాయో అంతే చూపిస్తుంది, నమ్మకం లేకపోతే లెక్కపెట్టుకో. ఇప్పుడు "ఎదురు సందు" అంటే దేనికి ఎదురు? ఆ బోర్డు వేలాడే షట్టర్‌కి ఎదురు. నువ్వు ఆ బోర్డుని ఫోటో తీసుకుని దిల్‌సుఖ్‌నగర్ వెళ్లి అక్కడ నిలబడి ఎదురు సందులో వెతికితే ఏం దొరుకుతుంది, పానీపూరీ బండి దొరుకుతుంది. నీకు వచ్చిన ఆ రెండు చుక్కలూ అంతే, నువ్వు ఉన్న ఫోల్డర్ నుంచి కాదు, లింక్ ఉన్న ఫోల్డర్ నుంచి, అంటే ~/బిన్ నుంచి లెక్క. అక్కడి నుంచి ఒక మెట్టు పైకి వెళ్తే హోమ్, అందులో పనులు, అందులో బ్యాకప్. సరిపోయిందా.

ఎదురు సందులోకి వెళ్తే అక్కడ మళ్లీ ఇంకో బోర్డు ఉండొచ్చు, "మొదటి అంతస్తు" అని. లింక్ ఇంకో లింక్‌ని చూపించడం అలాంటిదే. మధ్యలో ఉన్న ఫోల్డర్లలో ఏదైనా కూడా లింక్ అయి ఉండొచ్చు, చివరి ఫైలే కానక్కర్లేదు. రీడ్‌లింక్ -ఎఫ్ చేసేది ఏంటంటే మొదటి స్లాష్ నుంచి మొదలుపెట్టి ఒక్కో ముక్క దగ్గర ఆగి, ఇది బోర్డా షాపా అని చూసుకుంటూ, చుక్కలూ రెండు చుక్కలూ అన్నీ తీసేసి ఒక్క బోర్డు కూడా మిగలని పాత్ ఇస్తుంది. ఇద్దరు ఒకళ్ల బోర్డు మీద ఇంకొకళ్ల పేరు రాసుకుంటే? లినక్స్‌లో కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ) ఒక పాత్ తెరిచేటప్పుడు 40 లింకుల వరకూ ఓపిక పడుతుంది, ఆ పైన "లింకుల అంచెలు మరీ ఎక్కువయ్యాయి" అన్న ఎర్రర్ ఇచ్చి చేతులెత్తేస్తుంది. ఆ ఎర్రర్ కనబడిందంటే నిజంగా 40 లింకులు పెట్టుకున్నవాడెవడూ ఉండడు, నూటికి తొంభైతొమ్మిది సార్లు ఎక్కడో గుండ్రంగా తిరుగుతున్నట్టే.

ఇదేం కొత్త సంగతి కాదు, 1983లో 4.2 బీఎస్‌డీ అనే యునిక్స్ రకంతో సింలింకులు యునిక్స్ జనంలోకి వచ్చాయి, నలభై ఏళ్ల పైమాటే, ఇంకా అందరం ఇక్కడే తడబడుతున్నాం.

ఇంకో మాట, రియల్‌పాత్ అని కమాండ్ ఉంది, ఈ పనికి నాకు అదే ఇష్టం. పేరులోనే పని తెలుస్తుంది, ఎఫ్ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. జీఎన్‌యూ కోర్‌యుటిల్స్‌లో (లినక్స్‌లో రోజూ వాడే కమాండ్ల కట్ట) 2012 నుంచి ఉంది.

అమీర్‌పేట_ఫ్రెషర్

సార్, మధ్యలో దూరుతున్నందుకు సారీ, నాది కూడా ఇలాంటిదే అనిపిస్తుంది. ఇన్‌స్టిట్యూట్‌లో జావా_హోమ్ (జావా ఏ ఫోల్డర్‌లో ఉందో చెప్పే సెట్టింగ్) సెట్ చేసుకుని రమ్మన్నారు. విచ్ జావా అని కొడితే /యూఎస్ఆర్/బిన్/జావా అని వస్తుంది. అదే పెట్టేశా. మేవెన్ (జావా ప్రాజెక్టులు బిల్డ్ చేసే టూల్) ఒప్పుకోవట్లేదు. హాస్టల్‌లో అందరికీ ఇదే పరిస్థితి, ఒకడికి మాత్రం పని చేస్తుంది, వాడు ఎలా చేశాడో వాడికే తెలియదు.

చిలకలగూడ_బాషా

హాహా, వాడు యూట్యూబ్ చూసి కొట్టి ఉంటాడు. నీదీ బోర్డు కేసే తమ్ముడూ. ఉబుంటులో /యూఎస్ఆర్/బిన్/జావా అనేది లింక్, అది /ఈటీసీ/ఆల్టర్నేటివ్స్/జావా దగ్గరికి పంపిస్తుంది, అదీ లింకే, అక్కడి నుంచి /యూఎస్ఆర్/లిబ్/జేవీఎం కింద అసలు ఫోల్డర్. ఒకే మిషన్‌లో జావా 11, 17 రెండూ ఉంటే ఏది నడవాలో మార్చుకోవడానికే మధ్యలో ఆ ఆల్టర్నేటివ్స్ మజిలీ.

రీడ్‌లింక్ -ఎఫ్ "$(విచ్ జావా)"

కొట్టు, పొడుగ్గా ఒక పాత్ వస్తుంది, చివర ఉన్న "/బిన్/జావా" కోసేసి మిగతాది జావా_హోమ్‌గా పెట్టు. హోమ్ అంటే ఫోల్డర్ కావాలి, నువ్వు ప్రోగ్రామ్ ఫైలునే ఇచ్చావు, అందుకే మేవెన్ అలిగింది.

అమీర్‌పేట_ఫ్రెషర్

వచ్చింది అన్నా!! థ్యాంక్స్. హాస్టల్ మొత్తానికీ చెప్తా.

నిజాంపేట_కుర్రోడు

ఉబుంటులో బాషా అన్న చెప్పిన లైనుతో లేచి కూర్చుంది. కానీ పొద్దున ఆఫీసుకొచ్చి మ్యాక్‌లో పెడితే "ఎఫ్ అనే ఆప్షన్ చెల్లదు" అంటుంది. రియల్‌పాత్ కొడితే కమాండే లేదంటుంది. ఇది పాత మ్యాక్, ఐటీ వాళ్లు అప్‌డేట్ చేయరు, అడిగితే టికెట్ వెయ్యమంటారు, వేస్తే క్లోజ్ చేస్తారు.

మ్యాక్_మల్లిక

టికెట్ గోల నాకూ తెలుసులెండి. మ్యాక్‌లో ఉన్న రీడ్‌లింక్ జీఎన్‌యూది కాదు, బీఎస్‌డీ వంశం. దానికి చాలా ఏళ్లు ఎఫ్ లేనే లేదు, 2022లో మ్యాక్‌ఓఎస్ 12.3తో వచ్చింది. రియల్‌పాత్ కమాండ్ వెంచురాలో, అంటే 13లో వచ్చింది. మీ మిషన్ అంతకంటే పాతది, అందుకే రెండూ లేవు. హోమ్‌బ్రూ (మ్యాక్‌లో ప్రోగ్రాములు వేసుకునే టూల్) ఉంటే కోర్‌యుటిల్స్ వేసుకోండి, జీఎన్‌యూవన్నీ ముందు ఒక "జీ" తగిలించుకుని వస్తాయి, జీరీడ్‌లింక్, జీరియల్‌పాత్ అని. ఒక్క జాగ్రత్త, కొత్త మ్యాక్‌లో వచ్చే రియల్‌పాత్‌కి కూడా జీఎన్‌యూ దానికున్నన్ని ఆప్షన్లు లేవు, ఇంకో ఫోల్డర్ నుంచి లెక్కపెట్టి పాత్ ఇచ్చే రిలేటివ్-టు లాంటివి అందులో వెతక్కండి.

బ్రూ కూడా వేయనివ్వకపోతే షెల్‌తోనే చేసుకోవచ్చు, నేను రెండేళ్లు అలాగే లాక్కొచ్చా. ఒక వైల్ లూప్. చేతిలో ఉన్న పాత్ లింకా కాదా అని టెస్ట్ -ఎల్‌తో (పెద్ద ఎల్) చూడండి. లింక్ అయితే ముందు అది ఉన్న ఫోల్డర్‌ని "సీడీ -పీ" చేసి (లింకులు దాటి అసలు ఫోల్డర్‌లోకి వెళ్లడం) పీడబ్ల్యూడీతో, అంటే ఇప్పుడు ఉన్న ఫోల్డర్ చెప్పే కమాండ్‌తో పట్టుకోండి, పీ కూడా పెద్దదే. తర్వాత ఉత్త రీడ్‌లింక్‌తో లోపల రాసింది చదవండి. అది స్లాష్‌తో మొదలైతే అదే కొత్త పాత్, లేకపోతే ఇందాక పట్టుకున్న ఫోల్డర్ దాని ముందు అతికించండి, ఇది పాతకాపు గారు చెప్పిన షట్టర్ ముందు నిలబడటం అన్నమాట. మళ్లీ లూప్ మొదటికి. లింక్ కానిది దొరికాక దాని ఫోల్డర్‌ని ఇంకోసారి సీడీ -పీ చేస్తే అదే మీకు కావాల్సిన చోటు. ఇదంతా ఆరేడు లైన్లు, బ్యాష్ లాంటి మామూలు షెల్ ఏదైనా నడుపుతుంది. చాలామంది లూప్ వదిలేసి డిర్‌నేమ్, సీడీ -పీ రెండే పెట్టి వదిలేస్తారు. దాంతో దారిలో ఉన్న ఫోల్డర్ లింకులు తేలిపోతాయి (లింక్ పోయి అసలు పాత్ మిగులుతుంది) కానీ స్క్రిప్టు పేరే లింక్ అయితే తేలదు, మీ కేసు సరిగ్గా అదే.

ఇంకోటి, మ్యాక్‌లో /టీఎంపీ అనేదే ఒక లింక్, అసలుది /ప్రైవేట్/టీఎంపీ. ఒక టెస్టులో నేను ఇచ్చిన పాత్‌నీ ప్రోగ్రామ్ తిరిగిచ్చిన పాత్‌నీ అక్షరం అక్షరం పోల్చి ఒక సాయంత్రమంతా తగలేశా. పాత్‌లు పోల్చాలంటే రెండింటినీ తేల్చాకే పోల్చండి.

నిజాంపేట_కుర్రోడు

మల్లిక అక్కా, లూప్ రాశా, మ్యాక్‌లో నడిచింది. అక్కడితో ఆగుంటే బాగుండేది. ఇంటికొచ్చి ఉత్సాహంగా ఉబుంటులో పాత లింక్ తీసేసి కొత్తగా వేశా, ఇప్పుడు అదీ పోయింది. పనులు/బ్యాకప్ ఫోల్డర్‌లో ఉండి

ఎల్ఎన్ -ఎస్ బ్యాకప్.ఎస్‌హెచ్ ~/బిన్/బ్యాకప్

అన్నా. ఎర్రర్ ఏమీ రాలేదు. రీడ్‌లింక్ -ఎఫ్ కూడా చక్కగా ఒక పూర్తి పాత్ ఇస్తుంది. కానీ పిలిస్తే ఫైలు లేదంటుంది. లేని ఫైలుకి పాత్ ఎలా ఇచ్చింది?

పాతకాపు

ఆ పాత్ ఏంటో ఒకసారి సరిగ్గా చదువు తమ్ముడూ. ~/బిన్/బ్యాకప్.ఎస్‌హెచ్ అని ఉంటుంది, పనులు అన్న మాటే ఉండదు. ఎల్ఎన్ నువ్వు ఇచ్చిన ముక్కని ఉన్నదున్నట్టు బోర్డు మీద రాసేస్తుంది, అక్కడ షాపు ఉందా లేదా అని చూడదు. నువ్వు బోర్డు రాసింది ఒక సందులో, తగిలించింది ఇంకో సందులో. ఇలా వెయ్యి, "ఎల్ఎన్ -ఎస్ఆర్", ఆర్ పెడితే జీఎన్‌యూ ఎల్ఎన్ తనే లింక్ ఉండబోయే చోటు నుంచి లెక్కకట్టి రాస్తుంది. మ్యాక్ ఎల్ఎన్‌కి ఆర్ లేదు, అక్కడ పూర్తి పాత్ ఇచ్చెయ్.

ఇక ఎఫ్ ఎందుకు నోరు మూసుకుందంటే, దాని నియమమే అది. దారిలో ఫోల్డర్లన్నీ ఉండాలి, చివరి ముక్క మాత్రం లేకపోయినా సరేనంటుంది, ఇంకా పుట్టని ఫైలుకి పాత్ కావాల్సిన సందర్భాలు ఉంటాయి కాబట్టి. అన్నీ కచ్చితంగా ఉండాలంటే -ఈ వాడు, లేకపోతే ఏమీ ప్రింట్ చేయకుండా ఫెయిలవుతుంది. ఏవీ లేకపోయినా ఫర్వాలేదంటే -ఎం. స్క్రిప్టుల్లో నేను ఎప్పుడూ -ఈ పెట్టి, పక్కనే ఫెయిలైతే ఆగిపొమ్మని రాస్తా.

ఎక్కడ తెగిందో కంటితో చూడాలంటే లినక్స్‌లో నేమ్‌ఐ -ఎల్ అని ఉంది, ఎవరూ వాడరు, పాపం. పాత్ ఇస్తే ఒక్కో ముక్కా ఒక్కో లైనులో, ఏది లింక్, అది ఎటు పోతుంది, ఓనర్ ఎవరు, పర్మిషన్ ఏంటి అన్నీ మెట్లు మెట్లుగా పరుస్తుంది. పర్మిషన్ లేదని ఏడ్చే కేసుల్లో సగం దీంతోనే తేలిపోతాయి, ఎందుకంటే అడ్డం పడేది చివరి ఫైలు కాదు, మధ్యలో ఏదో ఒక ఫోల్డర్. తెగిన బోర్డులన్నీ ఒకేసారి ఏరాలంటే ఫైండ్ . -ఎక్స్‌టైప్ ఎల్ కొట్టు. నీ ~/బిన్‌లో కొట్టి చూడు, ఇంకో రెండు దొరకకపోతే నన్నడుగు.

ఉప్పల్_ఆప్స్

అందరూ లింక్ తేల్చెయ్ తేల్చెయ్ అంటున్నారు కానీ తేల్చకూడని చోట్లు కూడా ఉన్నాయి, అది ఎవరూ చెప్పట్లేదు. కొత్తగా నేర్చుకున్నవాళ్లు కనబడిన ప్రతి పాత్‌నీ రియల్‌పాత్‌లో ముంచి తీస్తారు, నేనూ చేశాను.

పైథాన్ వెన్వ్ (ఒక్కో ప్రాజెక్టుకి ప్యాకేజీలు విడిగా పెట్టుకునే ఫోల్డర్) తీసుకోండి. ఉబుంటులో వెన్వ్ లోపల బిన్/పైథాన్ అనేది మామూలుగా సిస్టమ్ పైథాన్‌కి లింక్. దాన్ని తేల్చి ఆ పాత్‌తో ప్రోగ్రామ్ నడిపితే నడిచేది సిస్టమ్ పైథాన్, మీ వెన్వ్‌లో వేసుకున్న ప్యాకేజీ ఒక్కటీ కనబడదు, ఎందుకంటే ఏ పేరుతో పిలిచారో చూసుకునే పైథాన్ తను వెన్వ్‌లో ఉన్నానా లేదా అని తెలుసుకుంటుంది. బిజీబాక్స్ ఇంకా తమాషా, ఎల్ఎస్, క్యాట్, గ్రెప్ అన్నీ ఒకే ప్రోగ్రామ్‌కి లింకులు, ఏ పేరుతో పిలిస్తే ఆ పని చేస్తుంది, తేల్చేస్తే పేరు పోయి బిజీబాక్స్ ఒక్కటే మిగులుతుంది.

ఇంకో దెబ్బ నేను స్వయంగా తిన్నది. పాత ఉద్యోగంలో సర్వర్‌లో రిలీజులన్నీ తేదీల పేర్లతో ఫోల్డర్లు, "కరెంట్" అనే లింక్ కొత్తదాన్ని చూపించాలి. రాత్రి డిప్లాయ్ చేస్తూ ఎల్ఎన్ -ఎస్ఎఫ్ కొట్టా. ఎన్ పెట్టలేదు. కరెంట్ అప్పటికే ఒక ఫోల్డర్‌ని చూపిస్తోంది కాబట్టి ఎల్ఎన్ దాన్ని మార్చకుండా, దాని లోపలికి దూరి అక్కడ కొత్త లింక్ పెట్టి వచ్చింది. ఎర్రర్ లేదు, ఏమీ లేదు. గంటసేపు కొత్త కోడ్ ఎందుకు రావట్లేదని కోడ్‌నే చూస్తూ కూర్చున్నా. ఎల్ఎన్ -ఎస్ఎఫ్ఎన్, చేతి మీద పచ్చబొట్టు పొడిపించుకోవాల్సిన మాట.

అది సరిచేశాక కూడా నా టెర్మినల్‌లో పాత ఫైళ్లే కనబడుతున్నాయి. ఇదే అసలు బుర్ర తిరిగిన చోటు. నేను లింక్ మార్చకముందే కరెంట్ లోపలికి సీడీ చేసి ఉన్నా. షెల్ తను నడిచొచ్చిన దారి పేరుని గుర్తుపెట్టుకుని పీడబ్ల్యూడీ అంటే అదే చెప్తుంది, "కరెంట్‌లో ఉన్నావు" అని. కానీ కెర్నల్ లెక్కలో నేను పాత రిలీజు ఫోల్డర్‌లోనే కూర్చుని ఉన్నా, లింక్ మారితే నా కింద కుర్చీ మారదు కదా. పీడబ్ల్యూడీ -పీ (పెద్దది) కొడితే నిజం చెప్పింది. "సీడీ ." అని కొడితే ఆ పేరుతో మళ్లీ నడిచి వెళ్లి కొత్తదాంట్లో పడ్డా. నడుస్తున్న సర్వీస్ ఎక్కడ కూర్చుందో చూడాలంటే లినక్స్‌లో /ప్రాక్/నంబరు/సీడబ్ల్యూడీ అనే లింక్‌ని రీడ్‌లింక్ చేయండి, నంబరు అంటే ఆ ప్రాసెస్‌ది. మా సర్వీస్ కూడా పాతదాంట్లోనే కూర్చుని ఉంది, రీస్టార్ట్ చేస్తేగానీ లేవలేదు.

రెండు చుక్కల మోసం కూడా ఇదే జాతి. లింక్ ఫోల్డర్‌లోకి వెళ్లి "సీడీ .." అంటే షెల్ పేరు చూసి, వచ్చిన దారినే వెనక్కి తీసుకెళ్తుంది. అక్కడే "ఎల్ఎస్ .." అంటే అసలు ఫోల్డర్ పైన ఉన్నది చూపిస్తుంది. ఒకే రెండు చుక్కలు, రెండు వేరు వేరు చోట్లు. ఆరెం (ఫైళ్లు చెరిపే కమాండ్) ముందు పీడబ్ల్యూడీ -పీ కొట్టడం నాకు అప్పటి నుంచి అలవాటు.

మ్యాక్_మల్లిక

ఉప్పల్ గారూ, వెన్వ్ మాట నిజం. హోమ్‌బ్రూలో కూడా అంతే, తేల్చిన పాత్‌లో వెర్షన్ నంబరు ఉంటుంది, దాన్ని ఎక్కడైనా సెట్టింగ్‌లో రాసుకుంటే రేపు అప్‌గ్రేడ్ అయ్యాక ఆ ఫోల్డర్ పోతుంది. స్క్రిప్టు తన పక్క ఫైలు వెతుక్కోవడానికి తేల్చడం వేరు, తేల్చినదాన్ని ఎక్కడో రాసి దాచుకోవడం వేరు.

నిజాంపేట_కుర్రోడు

ఎల్ఎన్ -ఎస్ఆర్‌తో మళ్లీ వేశా, నడుస్తోంది. పాతకాపు గారు చెప్పినట్టు ~/బిన్‌లో ఫైండ్ కొడితే తెగినవి రెండు కాదు, ఐదు దొరికాయి, అందులో ఒకటి నేను కాలేజీలో ఉన్నప్పుడు పెట్టింది. స్క్రిప్టులో ఇప్పుడు ముందు రియల్‌పాత్ ఉందా అని చూసి, ఉంటే అది, లేకపోతే మల్లిక అక్క లూప్. క్రాన్‌లో (పెట్టిన టైముకి స్క్రిప్టుని తనే నడిపేది) మాత్రం లింక్ పాత్‌నే పూర్తిగా రాశా, తేల్చింది రాయలేదు, ఫోల్డర్ జరిపినా లింక్ ఒక్కటి మార్చుకుంటే చాలు కదా. రాత్రి 2 గంటలకి పెట్టా, ఇప్పుడే లాగ్ చూశా, సెట్టింగ్స్ దొరికాయి, బ్యాకప్ పూర్తయింది. హార్డ్‌డిస్క్ నిండిపోయిందని ఇంకో ఎర్రర్ వచ్చింది కానీ దానికి సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లి కొత్తది కొనడమే.